పునర్నిర్మాణం డబ్బు: లెక్క అడిగే హక్కు ఎవరి చేతిలో ఉంది

నెల్లూరు చుట్టుపక్కల ఇల్లు కట్టుకునేవాళ్లు ఇటుక లోడు రాగానే రెండు ఇటుకలు తీసి ఒకదానికొకటి తగిలించి చూస్తారు. ఖంగుమంటే దించమంటారు. మట్టిగడ్డ చప్పుడొస్తే లోడు వెనక్కి పంపుతారు. ఇంకా అనుమానంగా ఉంటే ఒక ఇటుకని రాత్రంతా బకెట్ నీళ్లలో నానేసి పొద్దున చూస్తారు. ఇంజనీర్లు ఇదే పరీక్షని తూకంతో చేస్తారు. పొడి ఇటుకని తూచి, 24 గంటలు నానబెట్టి, మళ్లీ తూస్తారు. మామూలు ఇటుక తన బరువులో 20 శాతానికి మించి నీళ్లు పీల్చకూడదు. మూడు కిలోల ఇటుక నానాక 3.6 కిలోలు దాటితే అది గోడకి పనికిరాదు.

2012 అక్టోబరులో అఫ్గానిస్థాన్‌లోని వర్దక్ రాష్ట్రంలో పోలీసు శిక్షణ కోసం అమెరికా డబ్బుతో ఒక కట్టడం పూర్తయింది. ఖర్చు 4,56,669 డాలర్లు. నాలుగు నెలలు తిరక్కముందే దాని గోడలు కరగడం మొదలైంది. బంకమన్ను తక్కువ, ఇసుక ఎక్కువ ఉన్న ఇటుకలు వాడారు. తడి తగిలేసరికి అవి విడిపోయాయి. చివరికి అఫ్గాన్ ప్రభుత్వమే దాన్ని పడగొట్టి, సొంత డబ్బుతో మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. ఇదంతా అమెరికా తనిఖీ సంస్థ 2015లో బయటపెట్టింది.

బకెట్ నీళ్లతో తేలిపోయే విషయం తేలడానికి అంతకాలం ఎందుకు పట్టింది? లోడు దిగినచోట ఇటుక తట్టి చూసే ఇంటి యజమాని లేడు కాబట్టి. డబ్బిచ్చినవాళ్లు వాషింగ్టన్‌లో ఉన్నారు. పని చేయించిన అధికారి కొన్ని నెలల్లో బదిలీ అయిపోతాడు. ఆ గోడల మధ్య ఉండాల్సినవాళ్లకి బిల్లు ఆపే అధికారం లేదు. యుద్ధం తర్వాత జరిగే పునర్నిర్మాణంలో డబ్బు ఎక్కువగా పోయేది ఈ మూడు చోట్ల మధ్య ఉన్న దూరంలోనే. లంచాలు, దొంగతనాలు కూడా ఆ దూరాన్ని చూసుకునే జరుగుతాయి.

తనిఖీదారు వచ్చేసరికి

ఇరాక్‌పై యుద్ధం 2003 మార్చిలో మొదలైంది. ఏప్రిల్‌లోనే అమెరికా కాంగ్రెస్ పునర్నిర్మాణానికి సుమారు 250 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. నవంబరులో మరో 1,840 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఆ ఖర్చుని తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా స్టువర్ట్ బోవెన్ నియమితుడైంది మాత్రం 2004 జనవరిలో. అఫ్గానిస్థాన్‌లో ఇంకా ఆలస్యం. అక్కడ 2001 చివర్లో తాలిబన్ పాలన కూలింది, ప్రత్యేక ఇన్‌స్పెక్టర్ జనరల్ పదవిని చట్టం చేసి పెట్టింది 2008లో. ఆ కార్యాలయాన్నే సిగార్ అనేవారు. అప్పటికి ఆరేళ్లకు పైగా ఒప్పందాలు, బిల్లులు గడిచిపోయాయి.

ఆలస్యంగా వచ్చిన తనిఖీదారు కాగితాలు ఏరుకోవడం తప్ప పెద్దగా చెయ్యగలిగేది ఉండదు. పునాది కనపడదు, పూడ్చేసిన పైపు కనపడదు, కూలీల మస్టరు రాసినవాడు ఊళ్లో ఉండడు. బోవెన్ కార్యాలయం 2013లో ఇచ్చిన ఆఖరి నివేదిక ప్రకారం ఇరాక్ పునర్నిర్మాణానికి అమెరికా పెట్టింది సుమారు 6,000 కోట్ల డాలర్లు. అందులో కనీసం 800 కోట్లు వృథా అయినట్టు ఆ కార్యాలయం అంచనా వేసింది. రెండు యుద్ధాల ఒప్పందాలనూ కలిపి చూసిన మరో కమిషన్ 2011లో వృథాని, మోసాన్ని కలిపి 3,100 కోట్ల నుంచి 6,000 కోట్ల డాలర్ల మధ్య లెక్కగట్టింది. తక్కువ అంచనాకీ ఎక్కువ అంచనాకీ మధ్య దాదాపు రెట్టింపు తేడా ఉంది. కొలిచే సమయంలో కొలవకపోతే మిగిలేది అంచనా మాత్రమే.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. పైన చెప్పినదంతా అమెరికా పన్ను డబ్బు. ఇరాక్‌లో ఖర్చయిన ఇంకో పెద్ద మొత్తం ఇరాకీలదే. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2003 మేలో చేసిన 1483 తీర్మానంతో చమురు ఆదాయం, విదేశాల్లో స్తంభింపజేసిన ఇరాక్ ఆస్తులు ఒక నిధిలో చేరాయి. ఖర్చు పెట్టే అధికారం అమెరికా అధికారి పాల్ బ్రెమర్ నడిపిన తాత్కాలిక పాలనా యంత్రాంగానికి ఇచ్చారు. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వు నుంచి సుమారు 1,200 కోట్ల డాలర్ల నోట్లు, 363 టన్నుల బరువు, సైనిక విమానాల్లో బాగ్దాద్ చేరాయి. ఈ నిధిని చూసేందుకు అంతర్జాతీయ పర్యవేక్షణ మండలి కాగితం మీద మొదటి నుంచీ ఉంది. దాని ఆడిటర్లు పనిలో దిగేసరికి 2004 వచ్చింది.

2005 జనవరి 30న బోవెన్ ఇచ్చిన ఆడిట్ ప్రకారం ఆ నిధి నుంచి ఇరాక్ మంత్రిత్వ శాఖలకు వెళ్లిన 880 కోట్ల డాలర్లకు తగిన నియంత్రణ లేదు. ఒక శాఖ జీతాల పట్టికలో 8,206 మంది కాపలాదారుల పేర్లున్నాయి. నిజంగా ఉన్నారని ధ్రువపరచగలిగింది 602 మందినే. మన దగ్గర దొంగ మస్టరు అంటారే, అదే ఇది, కాకపోతే ఒక దేశం స్థాయిలో. యుద్ధం నడుమ అంతటి పద్ధతైన లెక్కలు ఆశించడం సరికాదని బ్రెమర్ జవాబిచ్చాడు. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. బ్యాంకులు పనిచెయ్యని చోట జీతాలు నగదుగానే ఇవ్వాలి. కానీ నగదు ఇచ్చినా వేలిముద్ర తీసుకోవచ్చు, పేరుపేరునా తల లెక్కపెట్టవచ్చు. నగదు కావడం వేరు, లెక్క లేకపోవడం వేరు.

ఆ ఆడిట్ వచ్చిన రోజే ఇరాకీలు యుద్ధం తర్వాతి మొదటి ఎన్నికల్లో ఓటేశారు. అంటే తమ చమురు డబ్బు ఖర్చవుతున్నంతకాలం దానికి జవాబు చెప్పాల్సిన ఒక్క ప్రతినిధిని కూడా వాళ్లు ఎన్నుకునే అవకాశం లేదు. అమెరికా ఓటరుకి కాంగ్రెస్ ఉంది, విచారణ సంఘం ఉంది, ఇన్‌స్పెక్టర్ జనరల్ ఉన్నాడు. అందుకే అమెరికా డబ్బుకి అంతో ఇంతో లెక్క దొరికింది. ఇరాకీల డబ్బుకి దొరకలేదు. రాజకీయ జవాబుదారీ అనే మాటకి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

గడువు ముంచుకొచ్చినప్పుడు ఏమవుతుందో కూడా అక్కడే కనిపించింది. 2004 జూన్ 28న అధికారం ఇరాక్ తాత్కాలిక ప్రభుత్వానికి అప్పగించారు. దానికి వారం ముందు ఒక ఒప్పందాల అధికారి చేతికి 67.5 లక్షల డాలర్ల నగదు ఇచ్చి, అప్పగింతలోగా ఖర్చు చెయ్యమన్నారు. మార్చి 31కి ముందు మన ట్రెజరీల దగ్గర బిల్లుల క్యూ చూసినవాళ్లకి ఈ ఒత్తిడి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. గడువుకి ఖర్చు పూర్తవుతుంది, పని పూర్తి కాదు.

ఫలూజా పైపులు, ఇంటి కనెక్షన్

2004లో ఇరాక్‌లోని ఫలూజా నగరానికి మురుగునీటి వ్యవస్థ తలపెట్టారు. మొదట అనుకున్న ఖర్చు సుమారు 3.25 కోట్ల డాలర్లు, గడువు 18 నెలలు, లక్ష్యం నగరమంతా. చివరికి ఖర్చు సుమారు 10.8 కోట్లకు చేరింది, ఏళ్లు గడిచాయి, అందుకున్నది అనుకున్న జనంలో 38 శాతం మంది. యుద్ధం సాగుతున్న నగరంలో పని మొదలుపెట్టడం, డిజైన్లు మార్చడం, ఎంత పైపు పడుతుందో తెలియకుండానే ఒప్పందం చేసుకోవడం ప్రధాన కారణాలు. వాటికన్నా గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటి. వీధిలో మెయిన్ లైను వేసి శుద్ధి కేంద్రం కట్టే ఒప్పందంలో ఇంటి నుంచి మెయిన్ లైనుకి కలిపే పైపు లేదు. 2008లో తనిఖీకి వెళ్లినవాళ్లు చూస్తే వీధి కింద పైపు ఉంది, ఇంట్లో మరుగుదొడ్డి ఉంది, మధ్యలో నాలుగైదు గజాల పైపు లేదు.

ఈ తప్పు అర్థం కావడానికి నెల్లూరువాళ్లు ఫలూజా దాకా వెళ్లక్కర్లేదు. భూగర్భ డ్రైనేజీ పని జరిగిన ఏ వీధిలోనైనా మ్యాన్‌హోల్ మూతకి, ఇంటి గడపకి మధ్య ఉన్న ఆ కాస్త దూరం ఎవరి ఖర్చు అన్న తగువు వినిపిస్తుంది. అంచనాలో ఆ పద్దు ఉందా లేదా అన్నది పని మొదలయ్యేముందే అడగాల్సిన మాట. ఉమ్మడి ప్రకాశం పడమటి ప్రాంతం వెలిగొండ సాగునీటి ప్రాజెక్టు కోసం ఎదురుచూడబట్టి దాదాపు మూడు దశాబ్దాలు. 2024 మార్చిలో దోర్నాల దగ్గర రెండు సొరంగాలనూ జాతికి అంకితం చేశారు, అప్పటికి నిర్వాసితుల పునరావాసం పూర్తి కాలేదు, పొలానికి నీళ్లూ రాలేదు. శిలాఫలకం మీద తేదీ ఎప్పుడూ కట్టడం పూర్తయిన తేదీయే. వాడకం మొదలైన తేదీ ఏ ఫలకం మీదా ఉండదు.

ఇరాక్‌లో కొన్ని పనులు అసలు మొదట్లోనే తప్పాయి. టైగ్రిస్ నది కింద చమురు పైపులు దాటించడానికి అల్ ఫతా దగ్గర 7.57 కోట్ల డాలర్లు పెట్టారు. నేల స్వభావం ఇంకా పరీక్షించాలని నిపుణులు ముందే చెప్పినా డ్రిల్లింగు మొదలుపెట్టారు. గులకరాళ్లు, వదులు ఇసుక ఉన్న నేలలో రంధ్రం నిలవలేదు. డబ్బు అయిపోయేసరికి మూడో వంతు పని కూడా కాలేదు. ఇలాంటి చాలా ఒప్పందాలు కాస్ట్ ప్లస్ పద్ధతివి. కాంట్రాక్టరుకి అయిన ఖర్చంతా ఇచ్చి, దానిమీద రుసుము కూడా ఇస్తారు. పని ఆగిన రోజుల్లో కూడా క్యాంపు ఖర్చు, కాపలా ఖర్చు బిల్లులో ఎక్కుతూనే ఉంటాయి. పని ఆగితే కాంట్రాక్టరుకి నష్టం లేని ఒప్పందంలో ఆపవద్దని తొందరపెట్టేవాడు ఎవరూ ఉండడు. జలయజ్ఞం సాగునీటి పనుల్లో, డిజైన్ నుంచి నిర్మాణం దాకా ఒకే కాంట్రాక్టరుకి అప్పగించే ఈపీసీ ఒప్పందాలను ప్రభుత్వ ఖర్చుల ఆడిటరు కాగ్ తప్పుపట్టింది కూడా సర్వేలు, భూసేకరణ సరిగా తేలకముందే పనులు అప్పగించారనే. దేశం వేరు, ఒప్పందం పేరు వేరు, రోగం ఒకటే.

డబ్బు నేరుగా ఇంటివాడి ఖాతాకి

మంచిగా జరిగిన ఉదాహరణ మనకి దగ్గర్లోనే, శ్రీలంకలో ఉంది. 2009లో యుద్ధం ముగిశాక ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో భారత ప్రభుత్వం సొంత గ్రాంటుతో ఇళ్లు కట్టించింది. మొత్తం 50,000 ఇళ్ల పథకంలో ఈ ప్రాంతాలకు 46,000 ఇళ్లు. మొదటి వెయ్యి ఇళ్లు కాంట్రాక్టర్లతో కట్టించారు. ఆ తర్వాత 2012 నుంచి పద్ధతి మార్చారు. ఇంటికి 5.5 లక్షల శ్రీలంక రూపాయలు, విడతలుగా, నేరుగా లబ్ధిదారుడి బ్యాంకు ఖాతాలో పడ్డాయి. ఇంటివాడే మేస్త్రీని పెట్టుకున్నాడు, ఇటుక తానే కొన్నాడు. సాంకేతిక సలహా, దశలవారీ తనిఖీ బయటి సంస్థలవి. ఇసుక ఎక్కువున్న ఇటుక వస్తే లోడు వెనక్కి పంపే మనిషి ఆ గుమ్మం దగ్గరే ఉన్నాడు.

మన గృహనిర్మాణ పథకాల్లో బేస్‌మెంట్, రూఫ్ లెవెల్, శ్లాబ్ దశల్లో బిల్లు పడే పద్ధతి ఇలాంటిదే. దీని బలహీనత కూడా చెప్పుకోవాలి. మొదటి విడత చేతికి రావాలంటే ముందు సొంత డబ్బు పెట్టాలి, అది లేనివాళ్లు వడ్డీకి తెస్తారు. ఒంటరి ఆడవాళ్లు, ముసలివాళ్లు మేస్త్రీ చేతిలో మోసపోతారు. పైగా ఇల్లు కట్టించుకోగలిగినవాడు వంతెన కట్టించుకోలేడు. రోడ్లు, కాలువకట్టలు, ఆసుపత్రులు ఎప్పటికీ కాంట్రాక్టు పనులే. వాటికి వేరే కాపలా కావాలి.

ఉక్రెయిన్ ఆ కాపలాని వెబ్‌సైట్‌తో మొదలుపెట్టింది. అక్కడి ప్రభుత్వ కొనుగోళ్లు ప్రొజోరో అనే బహిరంగ వ్యవస్థలో నడుస్తాయి. పునర్నిర్మాణ పనులకు డ్రీమ్ అనే మరో వేదిక పెట్టి, ప్రాజెక్టు అనుకున్న రోజు నుంచి బిల్లు దాకా ఒకేచోట చూపిస్తున్నారు. కానీ 2023 జనవరిలో సైన్యానికి కోడిగుడ్లు బజారులో 7 హ్రివ్నియాలుంటే 17 చొప్పున ఒప్పందం చేసుకున్నారని బయటపడింది ఏ వేదిక వల్లా కాదు, విలేకరి పట్టుకున్న ఒప్పంద పత్రం వల్ల. రక్షణ కొనుగోళ్లు అప్పటికి గోప్యం. ఆయుధాలు కాని రక్షణ కొనుగోళ్ల ధరలు వెల్లడించాలని ఆ గొడవ తర్వాతే చట్టం వచ్చింది. ఒక్కో వస్తువు ధర కనిపించని పోర్టల్‌లో ఎన్ని ఫొటోలున్నా సామాన్యుడికి ఉపయోగం తక్కువ. గుడ్డు ధర అందరికీ తెలుసు కాబట్టే అది పట్టుబడింది.

పెన్నా ఒడ్డున ఇవే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు యుద్ధం రాలేదు. పునర్నిర్మాణం మాత్రం కొన్నేళ్లకోసారి వస్తూనే ఉంటుంది. 2021 నవంబరు పెన్నా వరదలో నెల్లూరులోని భగత్ సింగ్ కాలనీ మునిగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కోసుకుపోయింది, సోమశిల డ్యామ్ కింద ఆప్రాన్ (నీళ్లు పడేచోట వేసిన కాంక్రీటు నేల) దెబ్బతింది, చెరువులకు గండ్లు పడ్డాయి. వరద తర్వాతి పనులకీ యుద్ధం తర్వాతి పనులకీ ఉన్న పోలిక డబ్బు పరిమాణంలో లేదు. తొందరలో ఉంది. అత్యవసరం పేరుతో టెండరు లేకుండా నామినేషన్‌పై పనులిస్తారు. సాక్ష్యం నీళ్లలో కొట్టుకుపోతుంది.

గండి పూడ్చే పనినే తీసుకుందాం. ఎన్ని ఇసుక బస్తాలు వేశారో వారం తర్వాత ఎవరూ లెక్కపెట్టలేరు. ఎంత గ్రావెల్ తోలారో కట్ట పైనుంచి చూసి చెప్పలేరు. దీనికి మార్గం పని మొదలుపెట్టే ముందే ఉంది: గండి అడుగు, రెండు అంచుల ప్రీ-లెవల్స్ (పనికి ముందున్న ఎత్తుల కొలతలు) తీసి లెవల్ బుక్కులో రాయడం. పని అయ్యాక మళ్లీ లెవల్స్ తీస్తే రెండింటి తేడాయే మట్టి ఘనపరిమాణం. 40 మీటర్ల గండిలో అడుగు లోతుని ఒక్క మీటరు ఎక్కువ రాసి, కట్ట వెడల్పు సగటున 12 మీటర్లనుకుంటే, 480 ఘనపు మీటర్ల మట్టి కలం పోటుతో పుడుతుంది. ప్రీ-లెవల్స్ లేకుండా ఎం-బుక్‌లో (బిల్లుకి ఆధారమైన కొలతల పుస్తకంలో) నేరుగా పొడవు, వెడల్పు, లోతు రాసేసి ఉంటే మొదట అనుమానించాల్సిన పేజీ అదే. టిప్పర్ల ట్రిప్ షీట్లు, క్వారీ పర్మిట్లు రెండో సాక్ష్యం. ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగాలి.

కట్ట నిలబడాలంటే మట్టిని పలుచని పొరలుగా వేసి, తడి సరిపెట్టి, రోలరు తిప్పాలి. సాంద్రతని కోర్ కట్టర్‌తో (మట్టి నమూనా తీసే ఇనుప గొట్టంతో) పొరపొరకీ కొలవాలి. తొందరలో గుట్టగా పోసేసి పైన ఒక్కసారి రోలరు తిప్పితే చూడ్డానికి కట్ట బ్రహ్మాండంగా ఉంటుంది, లోపల గుల్లగా ఉంటుంది. మరుసటి ఈశాన్య రుతుపవనాలకి అక్కడే జారుతుంది.

కాంక్రీటుకి క్యూబు పరీక్ష ఉంది. 150 మిల్లీమీటర్ల దిమ్మె, 28 రోజుల క్యూరింగు. ఎం20 కాంక్రీటు క్యూబు సుమారు 450 కిలోన్యూటన్ల బరువు ఓర్చాలి. ఇందులో మోసం జరిగేది ల్యాబ్‌లో కన్నా ముందు, పని దగ్గర. క్యూబుల కోసం సిమెంటు ఎక్కువేసి విడిగా ఒక తట్ట కలిపితే రిపోర్టు ఎప్పుడూ బాగుంటుంది. శ్లాబులో పోస్తున్న మాలు నుంచే క్యూబు నింపి, పచ్చిగా ఉన్నప్పుడే తేదీ గీసి, ఊరివాళ్లో కాలనీవాళ్లో ఒకరు పక్కన నిలబడి ఉంటే చాలావరకు ఆగుతుంది. సమాచార హక్కు చట్టం 2(జె) ప్రకారం పౌరుడు కాగితాల నకళ్లే కాదు, పనిని స్వయంగా తనిఖీ చెయ్యడానికి, వాడిన సామగ్రి ధ్రువీకృత నమూనా తీసుకోవడానికి కూడా అడగవచ్చు. ఈ హక్కు వాడేవాళ్లు చాలా తక్కువ. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. జవాబుకి గడువు 30 రోజులు. రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు.

దరఖాస్తులో "వరద పనుల వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఒక మొత్తం అంకె ఇచ్చి పంపేస్తారు. పని పేరు, చోటు రాసి ఒక్కొక్కటిగా అడగాలి: మంజూరైన అంచనా, అగ్రిమెంటు నకలు, లెవల్ బుక్కు, ఎం-బుక్ పేజీలు, పై అధికారి చెక్ మెజర్‌మెంట్ చేసిన (కొలతల్ని మళ్లీ సరిచూసిన) తేదీ, క్యూసీ (నాణ్యత పరీక్ష) రిపోర్టు, బిల్లు పాసైన తేదీ. చెక్ మెజర్‌మెంట్ తేదీ, బిల్లు తేదీ ఒకటే అయితే ఆ అధికారి ఆ రోజు ఎన్ని పనుల మీద సంతకం చేశాడో కూడా అడగాలి.

డబ్బు పనిదాకా రాకుండానే పక్కకి పోయే దారి ఇంకొకటుంది, పీడీ ఖాతా. నిధిని ఒక శాఖాధికారి పేరున ఉన్న పర్సనల్ డిపాజిట్ ఖాతాకి బదిలీ చేస్తే పద్దులో అది ఖర్చయినట్టే కనిపిస్తుంది. నిజానికి ఒక్క రూపాయి కూడా పని మీదకి వెళ్లి ఉండకపోవచ్చు. ఆంధ్రప్రదేశ్ విపత్తు స్పందన నిధి నుంచి ఇలా పీడీ ఖాతాకి మళ్లించిన సుమారు 1,100 కోట్ల రూపాయలను రెండు వారాల్లో వెనక్కి జమ చెయ్యాలని 2022 జులైలో సుప్రీంకోర్టు ఆదేశించింది. వినియోగ ధ్రువపత్రం కూడా ఇంతే. డబ్బు ఫలానా పద్దు కింద ఖర్చయిందని చెబుతుంది, కట్ట నిలబడిందని చెప్పదు.

బాగ్దాద్‌లో లేని బలాలు ఈ రెండు జిల్లాలకు చాలానే ఉన్నాయి. కాగ్ నివేదిక శాసనసభ ముందుకు రావాలి, దాన్ని ప్రజాపద్దుల సంఘం చూస్తుంది. ఆ సంఘానికి ప్రతిపక్ష సభ్యుడు అధ్యక్షుడుగా ఉండటం 2024 దాకా ఆనవాయితీ. లోపమల్లా కాలంలో ఉంది. నివేదిక సభ ముందుకొచ్చేసరికి మంత్రి మారి ఉంటాడు, ఒక్కోసారి ప్రభుత్వమే మారి ఉంటుంది. ఉపాధి హామీలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశానికి దారి చూపిన సామాజిక తనిఖీ దీనికన్నా వేగమైనది. ఊళ్లో మస్టరు పైకి చదువుతారు, పేరున్నవాళ్లు "నేను ఆ పనికే పోలేదు" అని అక్కడే చెబుతారు, మండల కేంద్రంలో ప్రజావేదిక మీద అధికారి జవాబివ్వాలి. ఆ 8,206 మంది కాపలాదారుల పట్టికని ఒక సాయంత్రం వీధిలో చదివి ఉంటే చాలా పేర్లు అక్కడే రాలిపోయేవి. ఈ పద్ధతిని వరద పనులకు, రక్షణ గోడలకు, డ్రైనేజీకి కూడా తప్పనిసరి చెయ్యాలి. కొలతలు సామాన్యులకి అర్థం కావన్న అభ్యంతరం నిలవదు. చెరువు కింద పొలమున్న రైతుకి తన కట్ట ఎత్తు, వెడల్పు ఏ ఇంజనీరు చెప్పక్కర్లేదు.

వీటన్నిటిలో బొత్తిగా వాడుకోని ఆయుధం డిఫెక్ట్ లయబిలిటీ గడువు. పని పూర్తయిన నాటి నుంచి అగ్రిమెంటులో రాసిన కాలం వరకు, సాధారణంగా రెండేళ్లు, లోపం వస్తే కాంట్రాక్టరు తన ఖర్చుతో సరిచెయ్యాలి. అప్పటిదాకా అతని డిపాజిట్ ప్రభుత్వం దగ్గరే ఉంటుంది. నెల్లూరులో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కాబట్టి పగుళ్లు, జారుళ్లు బయటపడేది జనవరిలో. ఆ నెలలోనే ఫొటోలు తీసి, కొలతలు రాసి, పని పేరు, అగ్రిమెంటు నంబరుతో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు (ఈఈ) కార్యాలయంలో ఇచ్చి ముద్ర వేయించుకోవాలి. గడువు ముగిసే తేదీని పని జరుగుతున్నప్పుడే తెలుసుకుని ఉంచుకోవాలి. అది దాటి డిపాజిట్ వెనక్కి వెళ్లిందంటే, అదే పగులుకి కొత్త అంచనా, కొత్త టెండరు, మళ్లీ జనం డబ్బు.